కారులో కంపెనీ సబ్‌వూఫర్ మార్పిడి: తరచుగా అడిగే ప్రశ్నలు

భీమవరం నుంచి కాకినాడ వరకు, కోనసీమ లంకలతో సహా, కారులో పాట బాగా వినాలనుకునేవారు దుకాణానికి వెళ్లే ముందు తరచుగా అడిగే ప్రశ్నలకు జవాబులు ఇవి. ధ్వనిశాస్త్రం ఏ ఊళ్లోనైనా ఒకటే. తేమ, ఉప్పుగాలి, వరద నీరు, గ్యాస్ సిలిండర్ ఉన్న డిక్కీ మాత్రం డెల్టాలో కారు నడిపేవారికి రోజూ ఎదురయ్యే విషయాలు కాబట్టి వాటికి కొంత ఎక్కువ చోటు ఇచ్చాను.

కారు కంపెనీ ఇచ్చిన సబ్‌వూఫర్ ఉండగా మళ్లీ మార్చవలసిన అవసరం ఏమిటి?

చాలామందికి అవసరం లేదనే చెప్పాలి. మధ్యస్థాయి శబ్దంలో పాటలు వినేవారికి, ప్రయాణంలో వార్తలు, ప్రవచనాలు వినేవారికి కంపెనీ సబ్ చాలు. సబ్‌వూఫర్ పని సుమారు 20 హెర్ట్జ్ నుంచి 80 లేదా 100 హెర్ట్జ్ వరకు ఉండే మంద్ర ధ్వనులను పలికించడం. నాలుగు తీగల బేస్ గిటార్‌లో అన్నిటికంటే కింది స్వరం దాదాపు 41 హెర్ట్జ్ వద్ద ఉంటుంది, అయిదు తీగలదైతే 31 హెర్ట్జ్ వరకు దిగుతుంది. ఆ స్వరాలను తలుపుల్లోని చిన్న స్పీకర్లు సరిగా పలికించలేవు. బరువు, ధర, డిక్కీ స్థలం అన్నీ లెక్క చూసుకుని కంపెనీ తయారుచేసే సబ్‌కు అయస్కాంతం చిన్నది, కోన్ (కదులుతూ శబ్దం పుట్టించే గరాటు ఆకారపు పొర) ముందుకూ వెనక్కూ కదలగల దూరం తక్కువ. అందుచేత శబ్దం పెంచుతున్నకొద్దీ ఆ సబ్ చెడిపోకుండా చూడడానికి చాలా కార్లలో స్టీరియోయే మంద్రాన్ని తనంతట తాను తగ్గించివేస్తుంది. వాల్యూమ్ పెంచేకొద్దీ పాట పలచబడుతున్నట్టు మీకు అనిపిస్తే, మీరు ఆ హద్దుకు చేరారని అర్థం. అప్పుడే మార్పు గురించి ఆలోచించండి.

నా కారులో సబ్‌వూఫర్ ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి?

తలుపుల మీద ఉన్న బ్రాండ్ పేరు చూసి నిర్ణయించవద్దు. డిక్కీ పక్క గోడలో, స్టెప్నీ గుంటలో, వెనుక సీటు వెనుక పలక కింద వెతికితే ఉన్నదీ లేనిదీ కనిపిస్తుంది. ఒకే మోడల్‌లో పై వేరియంటుకు సబ్, దానికి శక్తినిచ్చే ఆంప్లిఫయర్ (ఆంప్) ఉండి కింది వేరియంటుకు లేకపోవడం సాధారణం కాబట్టి, పొరుగువారి కారును చూసి మీ కారుకు సామాను కొనకండి.

బాక్స్ కదపకుండా లోపలి సబ్ ఒక్కటే పెద్ద కంపెనీది వేస్తే సరిపోదా?

ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. సబ్‌వూఫర్ ఒంటరిగా పనిచేసే వస్తువు కాదు. దాని కోన్ ఎంత గట్టిగా వేలాడుతున్నదో, బాక్స్‌లోని గాలి దానికి ఎంత ఎదురు నిలుస్తున్నదో, ఆంప్ ఎంత శక్తి ఇస్తున్నదో, ఈ మూడూ కలిసి శబ్దాన్ని నిర్ణయిస్తాయి. ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ 1961లో ప్రచురించిన పరిశోధనను రిచర్డ్ స్మాల్ 1970ల్లో విస్తరించగా వచ్చిన కొలతలనే నేటికీ ప్రతి మంచి సబ్ కాగితం మీద అచ్చువేస్తున్నారు. కొత్త సబ్‌కు 20 లీటర్ల మూసిన పెట్టె కావాలని ఆ కాగితం చెబుతుంటే, దాన్ని 8 లీటర్ల ప్లాస్టిక్ గూడులో కుక్కినప్పుడు లోతైన మంద్రం పోయి ఒకే స్వరం దగ్గర 'ఢం ఢం' అనే మోత మిగులుతుంది.

రెండో చిక్కు ఓంలది, అంటే సబ్ లోపలి తీగచుట్ట (కాయిల్) కరెంటుకు చూపే నిరోధానిది. కంపెనీ ఆంప్‌తో వచ్చే సబ్‌లు తరచుగా 2 ఓంలవి, కొన్ని ఇంకా తక్కువవి. దుకాణంలో సులభంగా దొరికేది 4 ఓంలది. వోల్టేజీ మారకుండా ఓంలు రెట్టింపైతే ఆంప్ ఇచ్చే శక్తి సగమవుతుంది. దానికి తోడు, బరువైన కోన్ ఉన్న కొత్త సబ్‌కు ఒక్కో వాటుకు వచ్చే శబ్దం కూడా తక్కువ. ఖరీదైనది వేయించాక పాతదానికంటే మెత్తగా మోగుతున్నదని కొందరు వాపోవడానికి కారణం ఇదే. కాబట్టి సబ్, బాక్స్, ఆంప్ మూడూ ఒక జతగా మార్చే స్తోమత లేనప్పుడు కొంతకాలం ఆగడం మంచిది. పాతది చిరిగిపోయిందనో కాయిల్ కాలిపోయిందనో మారుస్తున్నవారు మాత్రం అదే సైజు, అవే ఓంలు, అంతే లోతు ఉన్నది వెతుక్కోవాలి. కాయిల్ బతికి ఉందో లేదో మల్టీమీటర్ చెబుతుంది. 4 ఓంల సబ్ సాధారణంగా 3.2 నుంచి 3.6 ఓంల మధ్య చూపిస్తుంది. మీటర్ అసలు కదలకపోతే కాయిల్ తెగినట్టే.

అట్టపెట్టె మీద ఉన్న వేల వాట్ల అంకెను నమ్మవచ్చా?

నమ్మకూడదు. ఆర్‌ఎంఎస్ (నిలకడగా ఇవ్వగల శక్తి) అని రాసిన అంకె ఒక్కటే చూడండి. అది లేని వస్తువు కొనకండి. ఇంకో సంగతి ఏమిటంటే, శక్తిని రెట్టింపు చేస్తే శబ్దం పెరిగేది 3 డెసిబెల్‌లే. చెవికి శబ్దం రెట్టింపైనట్టు అనిపించాలంటే దాదాపు 10 డెసిబెల్‌లు, అంటే పది రెట్లు శక్తి కావాలి. 250 వాట్ల ఆంప్‌కూ 300 వాట్ల ఆంప్‌కూ తేడా కోసం అప్పు చేయనవసరం లేదని దీన్నిబట్టి గ్రహించవచ్చు.

కంపెనీ స్టీరియోకు వెనుక ఆర్‌సీఏ సాకెట్లు (ఆంప్‌కు సిగ్నల్ ఇచ్చే గుండ్రని సాకెట్లు) లేవు. కొత్త ఆంప్‌కు సిగ్నల్ ఎక్కడి నుంచి తీసుకోవాలి?

స్పీకర్ తీగల నుంచే తీసుకోవాలి. ఇప్పటి ఆంప్‌లలో చాలావాటికి హై లెవెల్ ఇన్‌పుట్, అంటే స్పీకర్ తీగను నేరుగా తగిలించే చోటు ఉంటుంది. లేనివాటికి స్పీకర్ సిగ్నల్‌ను ఆంప్‌కు తగ్గట్టు తగ్గించే లైన్ అవుట్‌పుట్ కన్వర్టర్ అనే చిన్న పెట్టె వాడతారు. కంపెనీ సబ్‌కు వెళ్లే తీగల నుంచే తీసుకుంటే సులువుగా ఉంటుందని మెకానిక్ అనవచ్చు. అయితే ఆ తీగల్లో వచ్చే సిగ్నల్‌ను కంపెనీ అప్పటికే పాత చిన్న సబ్‌కు తగ్గట్టు కోసి, సరిచేసి పంపుతుంది. పైన చెప్పినట్టు వాల్యూమ్ పెరిగేకొద్దీ మంద్రం తగ్గే ఏర్పాటు కూడా అందులోనే ఉంటుంది. కొత్త ఆంప్ ఎంత గొప్పదైనా తనకు అందని స్వరాన్ని పుట్టించలేదు. అందుచేత ముందు వరుస స్పీకర్ల తీగలను కూడా పరీక్షించి, ఎక్కడ మంద్రం నిండుగా ఉందో చూసి తీసుకోవాలి. ఎక్కడా లేకపోతే డీఎస్‌పీ అనే సిగ్నల్ సరిచేసే పరికరం అవసరమవుతుంది. తలుపు స్పీకర్లకూ ట్వీటర్లకూ (సన్నని ధ్వనుల చిన్న స్పీకర్లు) సబ్‌కూ వేర్వేరుగా విడగొట్టి పంపిన సిగ్నల్‌ను మళ్లీ ఒకటిగా కలిపి, వంకరలు తీసి చదును చేయడం దాని పని.

కొన్ని స్టీరియోలు తమకు స్పీకర్ తగిలి ఉందో లేదో చూసుకుంటాయి. కంపెనీ సబ్‌ను పూర్తిగా ఊడదీస్తే ఆ లైను మూగబోవచ్చు. అప్పుడు పాత సబ్ స్థానంలో తగిన రెసిస్టర్ పెట్టి దాన్ని నమ్మించవలసి వస్తుంది.

మూసిన పెట్టె మంచిదా, పోర్టు (గాలి గొట్టం) ఉన్న పెట్టె మంచిదా?

డప్పు, డోలు దరువులు విడివిడిగా తెలియాలనుకునేవారికి మూసిన పెట్టె అని నా అభిప్రాయం. అది చిన్నది, కొలతలో చిన్న పొరపాటు జరిగినా క్షమిస్తుంది, పైగా కారు గది చిన్నది కావడం వల్ల బాగా కింది స్వరాలకు గదే కొంత బలం చేకూరుస్తుంది. పోర్టు పెట్టె అదే వాట్లకు ఎక్కువ మోగుతుంది. కాని స్థలం ఎక్కువ తింటుంది, పోర్టు పొడవులో తప్పు జరిగితే శబ్దం బురదగా మారుతుంది. పోర్టును ఏ స్వరానికి కట్టారో దానికంటే కింది స్వరాలు వచ్చినప్పుడు కోన్‌కు వెనుక గాలి ఆసరా ఉండదు. మరీ కింది స్వరాలను ఆపే సబ్‌సోనిక్ ఫిల్టర్ పెట్టకపోతే అది హద్దు దాటి కదిలి చిరుగుతుంది.

బాక్స్‌ను ఇక్కడి వడ్రంగి చేత చేయించుకోవచ్చా? ఏ చెక్క వాడాలి?

నిస్సందేహంగా చేయించుకోవచ్చు. లెక్క మాత్రం మీరే చేసి ఇవ్వాలి. చాలామంది వెలుపలి కొలతతో లీటర్లు లెక్కిస్తారు. 36 × 36 × 26 సెంటీమీటర్ల పెట్టె వెలుపలి కొలతతో 33.7 లీటర్లు అవుతుంది. 18 మిల్లీమీటర్ల చెక్క వాడితే లోపల మిగిలేది 23.5 లీటర్లే. అందులోనూ సబ్ వెనుక భాగం ఆక్రమించే చోటు, లోపలి కొయ్య ఆసరాలు ఆక్రమించే చోటు తీసేయాలి. పది అంగుళాల సబ్‌లు చాలావాటికి మూసిన పెట్టెగా 18 నుంచి 20 లీటర్లు కావాలి కాబట్టి ఈ కొలత సరిగ్గా సరిపోతుంది.

చెక్క విషయంలో ఇతర ప్రాంతాలవారి సలహా మనకు పూర్తిగా కుదరదు. అందరూ 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ (చెక్క పొడిని జిగురుతో అదిమి చేసిన పలక) అంటారు. దాని సాంద్రత అంతటా ఒకేలా ఉంటుంది, పెట్టె అదరదు, ధర కూడా తక్కువే. కాని వానకాలంలో తడి గొడుగులు, రొయ్యల ఐసు పెట్టెలు, తడిసిన బస్తాలు డిక్కీలో పెట్టుకునే మన అలవాటుకు ఎండీఎఫ్ అంచులు నీరు పీల్చి అటుకుల్లా ఉబ్బుతాయి. స్క్రూ పట్టు వదులుతుంది, గాలి లీకవుతుంది. ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ వాడడం మేలు. ఎండీఎఫ్ తప్పకపోతే కోసిన ప్రతి అంచుకూ రంగుగానీ రెసిన్‌గానీ రెండు పూతలు వేయించి, పెట్టె అడుగున రబ్బరు కాళ్లు పెట్టి నేల నుంచి కొద్దిగా ఎత్తండి. కీళ్లకు జిగురుతో పాటు లోపలి మూలలన్నిటా సీలెంట్ పూయాలి. తాళ్లరేవు వైపు పడవలు కట్టేవారు సందు పూడ్చేటప్పుడు చూపే శ్రద్ధ ఇక్కడా కావాలి. తేడా ఒక్కటే, వారు నీటిని ఆపుతారు, మనం గాలిని ఆపుతాం. సీలెంట్ పూర్తిగా ఆరి, వాసన పోయాకే సబ్ బిగించాలి.

తీగ ఎంత లావు ఉండాలి? ఫ్యూజ్ ఎక్కడ పెట్టాలి?

500 వాట్ల ఆర్‌ఎంఎస్ క్లాస్ డి (తక్కువ వేడితో పనిచేసే రకం) ఆంప్ 80 శాతం సామర్థ్యంతో పనిచేస్తుందనుకుంటే బ్యాటరీ వైపు నుంచి 625 వాట్లు లాగుతుంది. ఇంజన్ నడుస్తున్నప్పుడు ఉండే 13.8 వోల్టులతో భాగిస్తే అది 45 ఆంపియర్లు. అయిదు మీటర్ల 8 గేజ్ (గేజ్ అంకె తగ్గేకొద్దీ తీగ లావు) రాగి తీగలో ఆ కరెంటు పారితే 0.46 వోల్టు దారిలోనే పోతుంది, 4 గేజ్ తీగలో 0.18 వోల్టు మాత్రమే. కాబట్టి ఈ స్థాయికి 4 గేజ్, అంటే సుమారు 21 చదరపు మిల్లీమీటర్ల తీగ కావాలి. చవక వైరింగ్ కిట్లలో వచ్చేది రాగి పూసిన అల్యూమినియం. దాని నిరోధం రాగికంటే సుమారు ఒకటిన్నర రెట్లు. ఒక పోగును బ్లేడుతో గీకండి. ఎర్రటి పైపొర లేచి లోపల తెల్లగా కనిపిస్తే అల్యూమినియం. పైన తెల్లగా ఉండి లోపల ఎర్రగా కనిపిస్తే అది తగరం పూసిన రాగి, మన తీరప్రాంతానికి అన్నిటికంటే మంచిది.

ఫ్యూజ్‌ను బ్యాటరీ నుంచి అర మీటరు లోపలే పెట్టాలి. ఆంప్‌కు సొంత ఫ్యూజ్ ఉంది కదా అని కొందరు వదిలేస్తారు. ఆంప్ దగ్గరి ఫ్యూజ్ ఆంప్‌ను కాపాడుతుంది. బ్యాటరీ దగ్గరిది కారు పొడవునా కార్పెట్ కింద పరిచిన తీగను, అంటే కారులో కూర్చున్నవారిని కాపాడుతుంది. ఇంజన్ గోడలో తీగ దూరే రంధ్రానికి రబ్బరు గ్రోమెట్ (వలయం) లేకపోతే రేకు అంచు ఏదో ఒకనాడు ఆ తీగ తొడుగును కోసేస్తుంది.

ఎర్త్ తీగ కూడా అంతే లావు ఉండాలి, అర మీటరు దాటకూడదు, రంగు గీకి మెరిసే రేకు మీద బిగించాలి. నా పాత కారుకు ఒక దుకాణంలో రంగు మీదే ఎర్త్ బిగించి పంపారు. ఎక్సలరేటర్ నొక్కినప్పుడల్లా స్పీకర్లలో ఈల వినిపించేది. తప్పు ఆంప్‌లో ఉందనుకుని రెండు వారాలు తిరిగాక, ఇసుక కాగితంతో రెండు నిమిషాలు రుద్దితే పోయింది. సీటు బెల్టు బోల్టును మాత్రం ఎర్త్ కోసం ముట్టుకోవద్దు. అది ప్రాణం నిలిపే బోల్టు.

మంద్రం కొట్టినప్పుడల్లా హెడ్‌లైట్లు మసకబారుతున్నాయి. కెపాసిటర్ పెట్టాలా?

ముందు బ్యాటరీ టెర్మినళ్లు, ఎర్త్, తీగ లావు చూడండి. అవన్నీ బాగుండి కూడా లైట్లు మసకబారుతుంటే ఆల్టర్నేటర్ ఇచ్చేదానికంటే మీరు ఎక్కువ అడుగుతున్నారని అర్థం. కెపాసిటర్ క్షణకాలపు లోటు పూడుస్తుందే తప్ప కొత్తగా కరెంటు పుట్టించదు. తోటలోనో గట్టు మీదో కారు ఆపి, ఇంజన్ ఆపి పాటలు పెట్టే అలవాటు ఉన్నవారు బ్యాటరీ వోల్టేజీ మీద ఒక కన్ను వేయాలి. నిండు బ్యాటరీ విశ్రాంతిలో 12.6 వోల్టులు చూపిస్తుంది. అది 12 దగ్గరికి వచ్చిందంటే ఇంటికి తోసుకుపోవలసి రావచ్చు.

డిక్కీ అంతా సీఎన్‌జీ సిలిండర్ ఆక్రమించింది. ఇక సబ్ ఆశ వదులుకోవలసిందేనా?

వదులుకోనవసరం లేదు. సీటు కింద పట్టే పలచని యాక్టివ్ సబ్‌లు ఉన్నాయి. ఆంప్ అందులోనే ఉంటుంది, సాధారణంగా 8 అంగుళాలవి. పెద్ద పెట్టె ఇచ్చే లోతు ఇవి ఇవ్వవు, కాని తలుపు స్పీకర్ల భారం దించి పాటకు నిండుతనం తెస్తాయి. మంద్ర ధ్వని తరంగం చాలా పొడవైనది, 50 హెర్ట్జ్ వద్ద దాదాపు 7 మీటర్లు. అందువల్ల సబ్ సీటు కింద ఉందో వెనుక ఉందో చెవి కనిపెట్టలేదు. సిలిండర్‌కుగానీ దాని బ్రాకెట్‌కుగానీ పెట్టె కట్టడం, గ్యాస్ గొట్టం వెంట కరెంటు తీగ లాగడం, సిలిండర్ ఉన్న చోట డ్రిల్ వాడడం ఎవరు చేస్తామన్నా ఒప్పుకోవద్దు. గాలి బయటికి పోయే మార్గాన్ని కార్పెట్‌తో మూయకూడదు.

ఎలక్ట్రిక్ కారులో కూడా ఇవన్నీ చేయవచ్చా?

ఆడియో పనిచేసేది 12 వోల్టుల చిన్న బ్యాటరీ మీదే కాబట్టి చేయవచ్చు. దాన్ని ఆల్టర్నేటర్‌కు బదులు డీసీ కన్వర్టర్ నింపుతుంది. నారింజ రంగు తొడుగు ఉన్న తీగలు అధిక వోల్టేజీవి. వాటి దరిదాపులకు వెళ్లకూడదు, వాటి పక్కగా మన తీగ లాగకూడదు.

గెయిన్, క్రాసోవర్ ఎలా అమర్చాలి?

గెయిన్ నాబ్ వాల్యూమ్ నాబ్ కాదు, స్టీరియో సిగ్నల్‌కు ఆంప్‌ను జతకలిపే నాబ్. ముందుగా ఈక్వలైజర్, బేస్ బూస్ట్ సున్నా చేయండి. సబ్ తీగలు విప్పి, 50 హెర్ట్జ్ పరీక్ష స్వరం పెట్టి, స్టీరియో వాల్యూమ్‌ను ముప్పాతిక దగ్గర ఉంచండి. ఆంప్ అవుట్‌పుట్ వద్ద మల్టీమీటర్‌ను ఏసీలో పెట్టి గెయిన్‌ను నెమ్మదిగా తిప్పండి. ఎంత వోల్టేజీ రావాలో తెలియాలంటే వాట్లను ఓంలతో గుణించి వర్గమూలం తీయాలి. 300 వాట్లు, 4 ఓంలు అయితే 34.6 వోల్టులు. అక్కడ ఆపేయాలి. దుకాణాల్లో చెవితో సరిచేసేవారిలో నిజంగా నేర్పు ఉన్నవారు లేకపోలేదు, కాని మీటర్‌కు మొహమాటం ఉండదు.

క్రాసోవర్‌ను 80 హెర్ట్జ్‌తో మొదలుపెట్టండి. సబ్‌కు అంతకు దిగువ, తలుపు స్పీకర్లకు అంతకు ఎగువ వదలాలి. కోన్ కదలిక దిశను తిప్పే ఫేజ్ స్విచ్‌ను రెండు వైపులా మార్చి చూసి, డ్రైవర్ సీట్లో ఎటు పెడితే మంద్రం నిండుగా వస్తుందో అక్కడ ఉంచండి.

సబ్ వేశాక కారంతా గరగరలాడుతోంది. ఏం చేయాలి?

నంబర్ ప్లేటు, డిక్కీ తలుపు, వెనుక పలక, జాకీ, పానాల సంచి, ఈ వరుసలో చూడండి. నంబర్ ప్లేటు వెనుక నురగ టేపు అంటించడంతోనే సగం పోతుంది. మిగిలినదానికి బ్యూటైల్ షీటు (రేకు అదురును అణిచే జిగురు రబ్బరు). కాలువ గట్టు రోడ్ల మీద తిరిగే కార్లకు క్లిప్పులు వదులుగా ఉండడం సహజం కాబట్టి ఏడాదికోసారి బిగించుకోవాలి.

ఉప్పుగాలి, వరద నీటి నుంచి ఈ సామానును ఎలా కాపాడుకోవాలి?

అంతర్వేది, ఓడలరేవు వైపు, ఉప్పునీటి రొయ్యల చెరువుల మధ్య తిరిగే కార్లలో ముందుగా చెడేది ఎర్త్ బిందువు, తర్వాత ఆర్‌సీఏ పిన్నులు, ఫ్యూజ్ గూడు. పచ్చటి చిలుము కనిపించేవరకు ఆగవద్దు. బిగించిన రోజునే ఎర్త్ బోల్టు మీద పెట్రోలియం జెల్లీ పూసి, వానకాలం ముందూ తర్వాతా విప్పి తుడవండి. కోన్ చుట్టూ నురగ అంచు ఉన్నదానికంటే రబ్బరు అంచు ఉన్న సబ్ ఈ వాతావరణంలో ఎక్కువకాలం నిలుస్తుంది.

ఆంప్‌ను స్టెప్నీ గుంటలో పెట్టడం చూడడానికి ముచ్చటగా ఉంటుంది. నీరు ముందుగా చేరేదీ అక్కడే. వెనుక సీటు వీపుకు ఎత్తులో బిగించండి. అయితే సీటు మడిచే కార్లలో తీగకు వదులు ఉంచాలి. లంక గ్రామాలవారికి ఇంకో మాట. విప్పడానికి వీలైన కపులర్లతో (తీగలు కలిపే ప్లగ్గులు) సబ్, ఆంప్ బిగించుకుంటే, ధవళేశ్వరం వద్ద 17.75 అడుగులకు మూడో ప్రమాద హెచ్చరిక వచ్చేలోగానే పది నిమిషాల్లో తీసి అటక మీద పెట్టుకోవచ్చు. నీట మునిగిన ఆంప్‌ను పనిచేస్తుందేమో చూద్దామని వెంటనే ఆన్ చేయకూడదు. బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి, ఆంప్‌ను బయటికి తీసి, లోపలి ఒండ్రు కడిగించి, పూర్తిగా ఆరాకే కరెంటు ఇవ్వాలి. గోదావరి ఒండ్రు చేలకు బలమే కాని, కాయిల్ చుట్టూ ఉండే సన్నని సందులో చేరితే ఆ సబ్ ఇక బాగుపడదు.

వారంటీ, బీమా పోతాయా?

తీగలు కోసినట్టు కనిపిస్తే విద్యుత్ సంబంధమైన వారంటీకి అభ్యంతరం చెప్పడానికి సర్వీస్ సెంటర్‌కు ఆధారం దొరుకుతుంది. మీ మోడల్‌కు సరిపోయే కపులర్లతో చేయించుకుంటే ఏదీ కోయనవసరం లేదు. బయట వేయించిన ఆడియో సామానుకు బీమా వర్తించాలంటే దాని విలువను బీమా కంపెనీకి తెలిపి, ఐఎంటీ 24 అనే ఎండార్స్‌మెంట్ (పాలసీకి చేర్చే అదనపు షరతు) కింద పాలసీలో చేర్పించుకోవాలి. బిల్లు లేకుండా కొన్న సామానుకు ఆ దారి మూసుకుపోతుంది.

రోడ్డు మీద ఎంత శబ్దం పెట్టుకోవచ్చు?

2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్‌లు పరిమితి. రాత్రి అంటే 10 గంటల నుంచి ఉదయం 6 వరకు. నిశ్శబ్ద మండలాలుగా ప్రకటించిన ఆసుపత్రులు, విద్యాసంస్థలు, న్యాయస్థానాల చుట్టూ 100 మీటర్ల మేర పరిమితి ఇంకా తక్కువ. మంద్ర ధ్వని గోడలను, కిటికీలను సులువుగా దాటుతుంది. అద్దాలు ఎత్తుకున్నాం కదా అని మీరనుకుంటున్నప్పుడే వీధి చివరి ఇంట్లో పసిబిడ్డ ఉలిక్కిపడి లేస్తుంది. చాలా ఆంప్‌లతో వచ్చే చిన్న బేస్ నాబ్‌ను డ్రైవర్ చేతికి అందేలా బిగించుకోండి. ఊళ్లోకి రాగానే తగ్గించుకోవడానికి అది చాలు.

కారు అమ్మేటప్పుడు పాత సబ్ మళ్లీ వేయవచ్చా?

వేయవచ్చు. విప్పిన రోజునే దాన్ని, దాని స్క్రూలను, కపులర్‌ను ఒక ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, మీద కారు మోడల్ రాసి, ఎలుకలు చేరని చోట దాచండి.